ఇసక కళ్లం

మా తాతకి అక్షరం రాదు. లెక్క మాత్రం గట్టిది. అమావాస్య వచ్చిందంటే తెల్లారగట్ల నన్ను లేపి, పాక వెనక పాతిన తాటి గుంజ దగ్గర నిలబెట్టేవాడు. "నీటి దాకా నడు. అడుగులు లెక్కెట్టు. మధ్యలో ఆగితే మళ్లీ మొదట్నించీ" అనేవాడు. బడికెళ్లే కుర్రాణ్ణి కదా, వంద దాటినా లెక్క తప్పనని ఆయన నమ్మకం. మొదటిసారి 1966లో నడిచాను. అప్పుడు నాకు ఏడేళ్లు. నాలుగు వందల చిల్లర వచ్చింది.

మూడేళ్లు తిరిగేసరికి లెక్క బాగా తగ్గింది. నేను కంగారుపడి చెప్పాను. తాత నా కాళ్ల వంక చూసి, "నీరు రాలేదురా, నీ కాళ్లు పెరిగాయి" అన్నాడు. ఆ మర్నాడే రెండు బారల వెదురు గెడ ఒకటి కోసుకొచ్చి, అప్పట్నించీ దాంతోనే కొలిపించాడు. మొదటి కొలతకి యాభై గెడలు. కొలత పూర్తయ్యాక ఆయన ఇంట్లోకెళ్లి, వాసానికి కత్తితో గంట్లు పెట్టేవాడు. పది గెడలకి ఒక పొడుగు గంటు, విడి గెడలకి పొట్టి గంట్లు. కొలిచేది ఎప్పుడూ అమావాస్య నాడే, నీరు బాగా వెనక్కి తీసిన వేళే. పోటు మీద ఒకసారీ పాటు మీద ఒకసారీ కొలిస్తే ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టడానికి పనికిరావని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మాది ఉప్పాడ. కాకినాడ నుంచి ఉత్తరంగా సముద్రపు ఒడ్డునే పోతే వస్తుంది. బయటి ఊళ్లవాళ్లకి మా పేరు చెబితే జాందానీ చీరే గుర్తొస్తుంది. నేతగాళ్ల వీధులు ఊళ్లో లోపలికి ఉండేవి, మా వేటపాకలు ఒడ్డున. మగ్గం చప్పుడూ కెరటం చప్పుడూ కలిసే వినపడేవి మాకు. ఆ చీరల మీద రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. మా ఇసక మీద రాసినవాళ్లు తక్కువ. అందుకే నేను ఇసక గురించే చెబుతాను.

వేటవాళ్లు సముద్రం మీద బతుకుతారని అందరూ అనుకుంటారు. సగమే నిజం. మేం బతికింది ఇసక మీద. రైతుకి పొలం ఎంతో కళ్లమూ అంతే. కోసింది ఎక్కడో ఒకచోట కుప్ప పెట్టాలి, నూర్చాలి, తూర్పారబట్టాలి, పంచాలి. మాకు ఆ కళ్లం ఒడ్డే. తెప్ప దిగాక తాళ్లు విప్పి దుంగలు ఆరబెట్టేది అక్కడ. తడి దుంగ బరువెక్కి మర్నాడు కెరటం దాటదు. వల పరిచేది అక్కడ, చిరుగులు కుట్టుకునేది అక్కడ. తాత దగ్గర ఒకటి రెండు నూలు వలలు ఇంకా ఉండేవి. వాటిని చెట్టు బెరడు కాచిన ఎర్రనీళ్లలో ముంచి, ఇసక మీద బారుగా పరిస్తే, దూరాన్నించి ఎర్రచీరలు ఆరేసినట్టే ఉండేది. నైలాను వచ్చాక ఆ ఎరుపు పోయింది. అది పోయినందుకు ఎవరూ బాధపడలేదు, నేనూ పడను. నూలు వలతో ఉండే చాకిరీ అంతా ఇంతా కాదు.

నేను నిజంగా బెంగపెట్టుకున్నది అలివి వల మీద.

దాన్ని చూడనివాళ్లకి కొంచెం చెప్పాలి. వల ఒక కొస తాడు ఒడ్డునే మనుషుల చేతుల్లో ఉంటుంది. నావ మిగతా వలని వేసుకుంటూ లోపలికి పోయి, విల్లులా వంపు తిరిగి, దూరాన మళ్లీ ఒడ్డుకొచ్చి రెండో కొస తాడు అందిస్తుంది. ఇక ఊరే లాగాలి. ఒక్కో తాడుకి ఇరవై మంది, ముప్పై మంది. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, వేటకి పోలేని ముసలివాళ్లు. తాడు నడుముకి ఆనించి, మడమలు ఇసకలో దిగేసి, వెనక్కి వెనక్కి నడవాలి. నడిచి నడిచి సరుగుడు చెట్ల దాకా వచ్చినవాడు తాడు వదిలి, పరిగెత్తుకెళ్లి నీటి దగ్గర మళ్లీ పట్టుకోవాలి. రెండు జట్లూ లాగుతూనే ఒకదానికొకటి దగ్గరవ్వాలి. ముందు బెండ్లు కనపడేవి, తర్వాత నీరు ఉడికినట్టు కదిలేది, ఆ తర్వాత వెండి. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు, పారలు, సావడాయిలు, అదృష్టం బాగుంటే నాలుగు చందువలు. వల సంచి ఒడ్డున పడగానే కేకలు ఆగిపోయేవి. ఆ ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడేవారు కారు.

తర్వాత పంపకం. వలకి ఇంత, నావకి ఇంత, మిగిలింది తాడు పట్టిన ప్రతివాళ్లకీ ఒక పాలు. భర్త సముద్రంలో పోయిన ఆడమనిషికి, తాడు మీద చెయ్యి ఆనిస్తే చాలు, పాలు అందేది. ఒకావిడకి రెండు కళ్లూ కనపడవు. మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తాడు అందించేది. ఆవిడ లాగిందో లేదో ఎవరూ చూసేవారు కారు. పాలు మాత్రం అందరితోబాటే ఆవిడ గంపలో పడేది. పింఛన్లు లేని రోజుల్లో మా ఊరి ముసలివాళ్లకి ఆ తాడే ఆసరా.

ఈ వలకి కావలసింది ఒడ్డు. వెనక్కి నడవడానికి వంద గజాల ఇసక కావాలి. ఇసక లేకపోతే అలివి వల లేదు. ఇంత చిన్న సంగతి పెద్ద పెద్ద పథకాలు రాసినవాళ్ల కాగితాల్లో ఎక్కడా ఉండదు.

మామ్మకీ ఆ ఇసకే కావాలి. పచ్చి చేప అమ్ముడవగా మిగిలింది ఇసక మీద ఎండబెట్టేది. నెత్తళ్లు ఒక రోజు, సావడాయిలు రెండు మూడు రోజులు. కాకులకి కాపలా మేము. ఎండినవి గంపకెత్తుకుని ఆవిడ పల్లెలు తిరిగి, వడ్లకీ కందులకీ మార్చుకొచ్చేది. ఆషాఢ శ్రావణాల్లో సముద్రం గడబిడగా ఉండి తెప్పలు దిగని రోజుల్లో మేం తిన్నది ఆ వడ్లే. అవి కూడా అయిపోతే గంజి. ఆ రోజులు బంగారం అని నేను అనను. ఆకలి నాకు బాగా గుర్తు. తుపానుకి పాక ఎగిరిపోయి, బడి వరండాలో పడుకున్న రాత్రులూ గుర్తే.

ఒడ్డు మీద మేమే కాదు, వేరే ప్రాణులూ ఉండేవి. మొగలి పొదలు, ఇసకని పట్టుకుని పాకే ఊదాపూల తీగలు. రావణాసురుడి మీసాలని ఒక గడ్డి ఉండేది. ఎండిన ముళ్లబంతులు గాలికి దొర్లుతుంటే మైళ్ల కొద్దీ వెంటపడేవాళ్లం. ఆ గడ్డీ ఆ తీగలే ఎగిరే ఇసకని ఆపి దిబ్బలు కడతాయని ఆనాడు నాకు తెలియదు. తాతకి తెలుసు. వంటచెరుకు కోసం ఎవరైనా దిబ్బ మీద పొదలు కొట్టుకుపోతే తిట్టేవాడు. సంక్రాంతి వెళ్లాక రాత్రిళ్లు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేవి. వాటిని ఆలివ్ రిడ్లీ అంటారని నేను చాలా పెద్దయ్యాక చదివాను. మాకు అవి తాబేళ్లే, విష్ణుమూర్తి రూపం. వలలో పడితే మామ్మ పసుపు రాసి, బొట్టు పెట్టి వదిలించేది. నూరు దాకా గుడ్లు పెట్టి, ఒళ్లంతా ఊపుతూ గుంట పూడ్చి, వచ్చిన జాడ పక్కనే మళ్లీ జాడ వేసుకుంటూ వెళ్లిపోయేది తల్లి. నెలన్నర దాటాక ఒక రాత్రి ఇసక కదిలేది.

1972లో మా కొలత నలభై ఏడు గెడలు. 1983లో ముప్పై ఎనిమిది. ఆ మరుసటేడు తాత పోయాడు. పోయే ముందు కూడా, "వాసం మీద గంట్లు ఆపకండి" అని నాన్నకి చెప్పాడు.

తాత చిన్నతనంలోనే ఊరు ఒకసారి వెనక్కి జరిగిందట. వాళ్ల నాన్న కట్టిన పాక ఉన్నచోటు మా రోజుల్లో కెరటాల కింద ఉంది. కాబట్టి సముద్రం రావడం మాకు కొత్త కాదు. నదీ సముద్రమూ కలిసేచోట నేల ఒకచోట పెరుగుతుంది, ఇంకొకచోట కరుగుతుంది. మాకు దక్షిణాన గోదావరి మొగ దగ్గర సముద్రంలోకి పొడుచుకొచ్చిన హోప్ ఐలాండ్ అంతా నది తెచ్చిన ఇసకే. రెండు వందల ఏళ్ల కింద అది లేదు. కాకినాడ రేవుకి కెరటం తగలకుండా కాసేది ఆ దిబ్బే. ఇన్ని సంగతులు తెలిసిన తాత సముద్రాన్ని ఎన్నడూ తిట్టలేదు. కానీ చివరి రోజుల్లో ఒక మాట పదేపదే అనేవాడు: "ఇదివరకు తిన్నది మళ్లీ కక్కేది. ఇప్పుడు కక్కట్లేదు."

ఆ మాటకి అర్థం నాకు ఉద్యోగం వచ్చాక, కాకినాడలో కాపురం పెట్టాక, పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. ఏటా నైరుతి గాలులు వీచే నెలల్లో మా తీరం వెంబడి ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య గాలులప్పుడు కొంత వెనక్కి వస్తుంది. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అలా నడిచొచ్చే ఇసకే మాకు తిండి. ఆ తిండి పెట్టేది గోదావరి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి డెల్టాకి అన్నం పెట్టాడు. ఇంటింటా ఆయన పటం ఉండటం న్యాయమే. తర్వాత ఎగువన, మహారాష్ట్ర దాకా, ఉపనదుల మీద కూడా ఎన్నో డ్యాములు లేచాయి. డ్యాము నీటినే కాదు, ఒండ్రునీ పట్టుకుంటుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. 1970లలో గోదావరి ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. 1976 నుంచి 2001 దాకా పాతికేళ్లలో గోదావరి డెల్టా అంచు నికరంగా 1,800 హెక్టార్లకి పైగా సముద్రానికి వదులుకుంది. ఆ అంకెలు చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మా వాసం మీద గంట్లు పడిన కాలమూ, వాళ్లు లెక్క తీసిన కాలమూ ఇంచుమించు ఒకటే.

ఆ తగ్గిన తిండిలో కూడా మా విస్తరికి వచ్చేది ఇంకొంత తగ్గింది. 1990లలో కాకినాడలో లోతునీటి రేవు కట్టారు. పెద్ద ఓడలు గట్టుకే రావాలంటే సముద్రంలోకి రాతికట్టలు వెయ్యాలి, కాలవ తవ్వాలి. నడిచొచ్చే ఇసక రాతికట్ట దగ్గర ఆగుతుంది, లేదా కాలవలో పడుతుంది. కట్టకి ఉత్తరాన ఉన్న ఒడ్డు ఆకలితో మాడుతుంది. రేవులన్నిటి దగ్గరా ఇదే జరుగుతుంది. విశాఖపట్నంలో ఔటర్ హార్బర్ కట్టాక, తవ్వితీసిన ఇసకని ఏటా బీచిలో పొయ్యక తప్పని పరిస్థితి అందుకే. రేవు వద్దని మేం అనలేదు. మా కుర్రాళ్లకి అక్కడ కూలి దొరికింది. కట్టే ముందు ఉత్తరాన ఎన్ని ఊళ్లున్నాయి, అవి దేని మీద బతుకుతున్నాయి అని ఎవరైనా మా ఒడ్డున ఒక్క రోజు నిలబడి చూసి ఉంటే బాగుండేదని మాత్రం నా బాధ. పర్యావరణ ప్రభావం అంచనా అనే మాట అప్పటికే కాగితాల్లో ఉంది. మా ఇంటి వాసం ఎవరూ చూడలేదు.

సముద్రం లోపల కూడా అవే రోజుల్లో మారింది. మరబోట్లు నా చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. కానీ అడుగు గీరుకుపోయే ట్రాలు వలలు ఎక్కువయ్యాక, చేపతోబాటు చేప పుట్టే చోటూ పోయింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నాటుపడవలదే అని 1994లో చట్టం వచ్చింది. రాత్రిపూట ఆ గీత దాటి లోపలికొచ్చే దీపాలు మా పాకల నుంచే కనపడేవి. మా బంధువులు కూడా ఆ బోట్ల మీద కళాసులుగా పోయారు. తాత తెప్ప నడిపిన ఇంటి కుర్రాళ్లే. వాళ్లని తప్పుపట్టలేను. తెప్పకి చేప దొరకనప్పుడు దొరికేచోటికి పోతారు. వేసవిలో చేప గుడ్లు పెట్టే కాలం అని ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్ల వేట ఆపుతున్నారు. మంచిదే. అయితే తాబేళ్లు వచ్చేది దానికి ముందు, జనవరి నుంచి మార్చి దాకా. ఆ నెలల్లో వలల్లో ఊపిరాడక చచ్చిన తల్లి తాబేళ్లు కెరటానికి కొట్టుకొచ్చి మా ఒడ్డున పడుతుంటాయి. మామ్మ పసుపు రాసిన చేతులు నాకు గుర్తొస్తాయి.

రొయ్యల చెరువుల కాలం వచ్చినప్పుడు మా పిన్ని మెడలో మొదటిసారి గొలుసు చూశాను. అది దాచను. టైగర్ రొయ్య పిల్లకి వెయ్యికి ఇంత అని రేటు కట్టి, చెరువులవాళ్లు ఒడ్డుకే వచ్చి కొనుక్కుపోయేవారు. నడుం లోతు నీళ్లలో సన్నకంటి వల తోసుకుంటూ ఆడవాళ్లూ పిల్లలూ పొద్దస్తమానం నడిచేవారు. పట్టిందంతా బేసిన్లో పోసి, ఆల్చిప్పతో రొయ్య పిల్లలని ఒక్కొక్కటే ఏరి, మిగతాది ఇసక మీద పారబోసేవారు. ఆ మిగతాదే అసలు సంగతి. గుప్పెడు రొయ్య పిల్లల కోసం పారబోసిన గిన్నెడులో రేపటి కానాగంతలు, పారలు, పండుగప్పలు, పీతలు ఉండేవి, వెంట్రుకల్లా మెరుస్తూ. పిన్ని ఒకసారి ఆ పారబోసిన దాన్ని చేత్తో తీసి మళ్లీ నీళ్లలో వేసింది. పక్కవాళ్లు నవ్వారు. చెరువుల కోసం చాలాచోట్ల మడ అడవులూ పోయాయి. మడ చెట్ల వేళ్ల మధ్యే ఆ పిల్లలన్నీ పెరుగుతాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించబట్టి కోరింగలో మాత్రం అడవి నిలిచింది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడ దక్షిణాన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప పేర్లు వింటే ఇప్పటికీ మావాళ్లు మాట ఆపేస్తారు. సముద్రం మీదున్న బోట్లతోబాటు, మొగల దగ్గర రొయ్య పిల్లల కోసం గుడిసెలు వేసుకున్నవాళ్లూ కొట్టుకుపోయారు. డెల్టా అవతలి అంచున మడ అడవి దట్టంగా ఉన్నచోట కెరటం జోరు తగ్గిందని బతికొచ్చినవాళ్లు చెప్పగా విన్నాను. ఆ మరుసటి నెలలోనే సుప్రీంకోర్టు తీరపు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. మా ఒడ్డున అప్పటికి ఆ తీర్పు చదివే ఓపిక ఎవరికీ లేదు.

1997లో నాన్న పంపిన కార్డు మీద ఒకటే మాట ఉంది: పదిహేడు.

పదిహేడు గెడల ఇసకలో అలివి వల లాగలేరు. ఆ ఏడే మా వల ఆగింది. వల అమ్మేశారు, తాళ్లు పశువులకి కట్టారు. కళ్లు కనపడని ఆవిడ అప్పటికే పోయింది. ఆవిడలాంటివాళ్లు మళ్లీ ఆ పాలు ఎక్కడ తెచ్చుకున్నారో నేను ఎవర్నీ అడగలేకపోయాను. 2000 దాటాక ఒక కార్తీకంలో పాక పోయింది. గోడలు కూలకముందే నాన్న ఆ వాసాన్ని ఊడదీసి భుజాన వేసుకొచ్చాడు. ఇప్పుడది కాకినాడలో మా ఇంట్లో, అటక మీద ఉంది.

ఊరిని కాపాడాలని 2010 ప్రాంతంలో ఇసక నింపిన పెద్ద పెద్ద గుడ్డగొట్టాలు పరిచారు, జియో ట్యూబులని. తుపాన్లు వాటిని చీల్చాయి. తర్వాత బండరాళ్లు. కాకినాడ బీచ్ రోడ్డు ప్రతి తుపానుకీ కోసుకుపోతుంది, ప్రతిసారీ మళ్లీ వేస్తారు. రాళ్లు కొన్నిచోట్ల ఇళ్లని నిలబెట్టిన మాట నిజం. కానీ రాతికి తగిలిన కెరటం ఎగిరి వెనక్కి పడి, రాయి మొదట్లో మిగిలిన కాస్త ఇసకనీ తవ్వుకుపోతుంది. రాళ్ల మీద తెప్ప ఆనదు, చేప ఎండదు, తాబేలు ఎక్కదు. మా పిల్లలు ఇప్పుడు సముద్రం చూడాలంటే గోడెక్కి చూస్తారు. ఊరి దగ్గరే కొత్త హార్బరు కట్టడం మొదలైందని విన్నప్పుడు సంతోషం కలిగింది, పడవలకి నీడ దొరుకుతుందని. మరుక్షణం ఉత్తరాన ఉన్న కోనపాపపేట గుర్తొచ్చింది. అక్కడ ఎవరైనా గుంజ పాతి కొలుస్తున్నారా అని.

దేశం మొత్తం మీద 1990 నుంచి 2016 దాకా తీరరేఖ ఎలా కదిలిందో ఉపగ్రహాల బొమ్మలు పోల్చి చెన్నైలోని తీర పరిశోధన కేంద్రం 2018లో లెక్క తేల్చింది. మూడో వంతు ఒడ్డు కరిగిపోతోందట. ఆ నివేదికలో పటాలు చూశాను, ఎర్రగీతలు ఉన్నచోటల్లా ఆగాను. ఒక్కో గీత కింద ఒక్కో అలివి వల ఉండి ఉంటుందని అనిపించింది.

2020 నవంబరులో, నివర్ తుపాను వెళ్లిన మర్నాడు, ఊరికెళ్లాను. రాళ్ల కింద, నీరు తీసినచోట, జనం వంగి ఉన్నారు. ఆడవాళ్లు, పిల్లలు, కొందరు చెక్క దువ్వెనలు పట్టుకుని ఇసక దువ్వుతున్నారు. బంగారం రవ్వలు దొరుకుతున్నాయని. పేపర్లవాళ్లు కూడా వచ్చారు. తుపాను వచ్చినప్పుడల్లా మా ఊళ్లో ఇది మామూలే. సముద్రంలో కలిసిన ఇళ్లు, గుళ్లు ఉన్నాయి కదా. పునాదుల్లో వేసిన రవ్వలు, మట్టిగోడల్లో దాచుకుని మరిచినవి, పెట్టెల్లో పోయినవి, కెరటం అడుగు నుంచి తిరగతోడి తెస్తుందని మావాళ్లు అంటారు.

ఒక చిన్నమ్మాయి అరచెయ్యి చాపింది. ఆవగింజలో సగం ఉంటుంది, పచ్చగా మెరుస్తోంది.

"మీదీ ఈ ఊరేనా బాబాయ్?" అంది వాళ్లమ్మ, నడుం నిలబెట్టి.

"ఈ ఊరేనమ్మా."

"ఇల్లెక్కడ?"

చెయ్యెత్తి చూపించాను. ఆవిడ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. అటువైపు లంగరేసిన పడవ ఒకటి ఊగుతోంది.

"ఆ పడవ దగ్గరా?"

"ఇంకొంచెం అవతల" అన్నాను.